వేలు దూరేంత వదులు

అమ్మాయిలూ, పసిబిడ్డల వార్డులో కొత్తగా చేరతా ఉన్నారు, మీకు పనికొచ్చేవి నాలుగు మాటలు రాసిమ్మని మన పెద్ద డాక్టరు గారు అడిగినారు. "మంచి మాటలు రాయి కాంతమ్మా, పిల్లల్ని భయపెట్టబాక" అని కూడా అన్నారు. ఆ రెండోది నా వల్ల కాదు. భయం లేకుండా ఆ వార్డులో గడిపిన రోజులు నాకు రెండే రెండు గుర్తున్నాయి. ఆ రెండు రోజుల్లోనే నా ఉద్యోగం మొత్తంలోకీ పెద్ద తప్పు చేసినాను. దాని గురించే రాస్తా.

మందులు, గొట్టాలు, మిషన్లు మీరు చదువుకునే వచ్చుంటారు. నాకు పై ఉద్యోగం ఎప్పుడొచ్చిందో, ఎవరు సంతకం పెట్టినారో మీకెందుకు? నెల్లూరులో ఒకే ఆస్పత్రి, ఒకే వార్డు, ముప్పై ఏళ్ళ పైమాట. వెనకాల నన్ను మిలిటరీ సిస్టర్ అనేవాళ్ళు. ముఖాన అనేదానికి ఎవరికీ నోరు లేవలేదు. నాకు కోపం జాస్తి, ఒప్పుకుంటా. ఆ కోపంతో వార్డు శుభ్రంగా ఉంచినా, ఆ కోపంతోనే ఒక తల్లి మాట వినకుండా పోయినా.

ఆరు గంటల తూకం

మన వార్డులో పొద్దున ఆరుకు బిడ్డలందరికీ తూకం చూస్తాం. అది పాత అలవాటే. తూకం అయినాక తలుపు దగ్గర నిలబడి, ఒక్కో తల్లిని పిలిచి అంకె చెప్పేది మాత్రం నేను పెట్టింది. అంతకు ముందు కాగితం మీద రాసి గమ్మున ఉండిపోయేవాళ్ళు. తల్లులు ఆయాల వెంటపడి బతిమాలుకునేవాళ్ళు. "బిడ్డ వాళ్ళది, వాళ్ళకు చెప్పేదానికి మనకేం రోగం?" అని నేనే కొట్లాడి మార్పించినా. దానికి ఈ రోజుకీ సిగ్గుపడను.

కానీ ఆ అంకె మనుషుల్ని ఏం చేస్తదో చూడండి. గుండెలో రంధ్రంతో పుట్టిన బిడ్డలకు ఆపరేషన్ చెన్నైలో. బిడ్డ ఇంత బరువుకు వస్తేనే చేస్తామంటారు అక్కడి డాక్టర్లు. బరువెక్కాలంటే పాలు తాగాల. తాగేదానికి బిడ్డకు ఆయాసం. నాలుగు గుటకలు వేసేలోపల నుదుట చెమట పట్టేస్తది. లోపలికి పోయిన పాలు కాస్తా ఊపిరి లాగే పనికే సరిపోతాయి. ఇరవై గ్రాములు పెరిగితే వరండాలో పండగ. పది తగ్గితే ఆ పూట ఆ తల్లి అన్నం ముట్టదు.

కొడవలూరు నుంచి ఒక రైతు వచ్చేవాడు. మళ్ళకు నీళ్ళు కట్టే పని పక్కన పెట్టి ఆరుకల్లా తలుపు దగ్గర ఉండేవాడు. "ఎంత సిస్టర్?" అంతే అడిగేది. అంకె విని వెళ్ళిపోయేవాడు. ఒకరోజు బాగా తగ్గింది. విని, వట్టి కాళ్ళతో నడిచి బస్టాండుకు పోయినాడు. చెప్పులు మా తలుపు దగ్గరే ఉన్నాయి. నేను తీయించి అలమర కింద పెట్టించినా. మర్నాడు వచ్చి వేసుకోని, మళ్ళీ "ఎంత సిస్టర్?" అన్నాడు.

కావేరి

కావేరిది తడ పక్కన, పులికాట్ సరస్సు ఒడ్డున చిన్న పల్లె. ఇరవై రెండేళ్ళుంటాయేమో. మొగుడు శీనయ్య సరస్సులో రొయ్యలు, పీతలు పడతాడు. తొలి కాన్పు, మగబిడ్డ. ఇరవై ఒకటో రోజున పేరు పెట్టుకుందామని చుట్టాలందర్నీ పిలుచుకున్నారంట. ఆ పొద్దే బిడ్డ పాలు వదిలేసి ఒగురుస్తా ఉంటే అంబులెన్సులో మా దగ్గరికి తెచ్చినారు. గుండె గదుల మధ్య గోడలో పెద్ద రంధ్రం. పేరు లేకుండానే చేరినాడు. కేసు షీటు మీద "కావేరి బిడ్డ" అని రాసినాం. ఇంటికి పోయేదాకా పేరు పెట్టం అనింది శీనయ్య తల్లి.

ఆ ముసలామెతో నాకు మొదటి రోజు నుంచే జగడం. పచ్చి బాలింత నీళ్ళు తాగకూడదని కావేరికి రోజుకు రెండు గ్లాసులు కూడా ఇచ్చేది కాదు. "నీళ్ళు లేకుండా పాలు యాడి నుంచి వస్తాయి పెద్దమ్మా, ఆకాశం నుంచా?" అని అరిచినా. ఆమె కూడా తగ్గే మనిషి కాదు. "నేను ఆరుగుర్ని కన్నా, నువ్వెంతమందిని కన్నావమ్మా?" అనింది. నాకు పిల్లల్లేరు. చెంబు నిండా నీళ్ళు తెచ్చి కావేరి ముందు పెట్టినా.

కావేరి మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. మూడు గంటలకొకసారి పాలు పిండి తెచ్చి, గొట్టంలో దిగేదాకా సిరంజి పట్టుకుని నిలబడేది. అంతసేపూ బిడ్డ ఎదమీద నుంచి చూపు తిప్పేది కాదు. పెదాలు కదిలేవి. జపం చేస్తా ఉందేమో అనుకున్నా. కాదు, ఊపిరులు లెక్కపెట్టుకుంటా ఉంది. ఎవరూ నేర్పలా. "సిస్టరమ్మా, ఈ పూట ఊపిరి లాగితే పక్కటెముకలు లోపలికి పోతా ఉండాయి" అనేది ఒక్కోసారి. "నువ్వేమన్నా డాక్టరువా? పోయి పడుకో" అనేదాన్ని. నా మాట అట్టాంటిది.

వారాలు గడిచినాయి. పదిహేను గ్రాములు పెరగడం, పది తగ్గడం. చెన్నై వాళ్ళు చెప్పిన అంకె ఆమడ దూరంలో ఉంది. వార్డులో ఇరవై మంది బిడ్డలుంటే, నిజం చెప్తా, తక్కెడ మీద ఈ బిడ్డను పెట్టినప్పుడు మాత్రమే అంకె రెండుసార్లు చూసుకునేదాన్ని. ఒక్క బిడ్డ మీద అట్టా మనసు పెట్టుకోకూడదని మీకు చదువులో చెప్పుంటారు. పెట్టుకుంటారు. ఎవరాపినా ఆగదు.

తాడు

వార్డులో తాళ్ళు, తాయెత్తులు, కాటుక, ఏవీ ఉండకూడదని రూలు. మంచి రూలే. మురికి తాడు కింద పుండు పడి, అది ఒళ్ళంతా పాకి ప్రాణం పోయిన బిడ్డను నేను కళ్ళారా చూసినా. అందుకని నా కోటు జేబులో ఎప్పుడూ చిన్న కత్తెర ఉండేది. ఎన్ని నల్లతాళ్ళు తెంచినానో లెక్కలేదు. నన్ను చూస్తేనే అమ్మమ్మలు బిడ్డ చేతులు గుడ్డ కింద దాచేవాళ్ళు.

ఒక వారం పెద్ద డాక్టరు గారు బిడ్డకు పాలు పెంచినారు. పెంచి, చుట్టాలింట పెళ్ళి ఉంటే ఊరికి పోయినారు. మూడో రోజు పొద్దున తూకం చూస్తే ఎనభై గ్రాములు ఎక్కువ! నేను తక్కెడ తుడిచి మళ్ళీ పెట్టినా. మళ్ళీ అంతే. బిడ్డ బుగ్గలు కూడా నిండుగా కనపడినాయి. "ఓరి నా బంగారూ, బుగ్గలొచ్చినాయిరా నీకు!" అని ముద్దు చేసినా. తలుపు తీసి, "కావేరీ! ఎనభై!" అని కేక పెట్టినా. వరండా అంతా లేచింది. ముసలామె నాతో జగడం మరిచిపోయి నాకే దిష్టి తీసి మెటికలు విరిచింది.

కావేరి నవ్వలా. "సిస్టరమ్మా, ఒకసారి బిడ్డ కాలు చూడండి" అనింది.

లోపలికి తీసకపోయి ఎడమ కాలి మేజోడు లాగింది. చీలమండకు నల్లతాడు. మూడు వారాలుగా నా కంట పడకుండా దాచిపెట్టిందంట. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నిన్న వదులుగా ఉండె సిస్టరమ్మా. ఈ రోజు పట్టేసింది" అనింది.

నేను కత్తెర తీసి టక్కున తెంచినా. తాడు కింద చర్మం మీద చుట్టూ గాడి పడుంది. "బిడ్డ కాలు తెగిపోయేట్టు కడతావా? బుద్ధుందా నీకు?"

"నేను వేలు దూరేట్టు కట్టినా. రోజూ వేలు పెట్టి చూసుకుంటా" అనింది.

"ఎదురు మాట్లాడబాక" అని తాడు చెత్తబుట్టలో వేసినా.

అది నా తప్పు. తాడు తెంచింది తప్పు కాదు, ఈ రోజైనా తెంచుతా. ఆ గాడిని కళ్ళతో చూసి కూడా, అది ఎందుకు పడిందని ఒక్క క్షణం ఆలోచించలా. ఎనభై అనే అంకె నా కళ్ళకు అడ్డం పడింది.

రొయ్యలు

మర్నాడు ఇంకో తొంభై ఐదు. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు షీటు చూసి "సూపర్ సిస్టర్" అన్నాడు. ఆయన్ను అనేదానికి లేదు, షీటు మీద నా చేతి రాత ఉంది, ముప్పై ఏళ్ళ సర్వీసున్న సిస్టరు సంతోషంగా రాసిన రాత. ముసలామె సంచి సర్దడం మొదలుపెట్టింది. "ఇంత పెరిగినాడు గదా, పది రోజులు ఇంట్లో పెట్టుకోని, పేరు పెట్టి, ఆనక చెన్నై పోతాం" అనింది. నేను వద్దని గట్టిగా అనాల్సింది. అనలా. "పెద్ద డాక్టరు గారు రేపొస్తారు, అడుగుదాం. ఇట్టా పెరిగితే పంపినా పంపుతారు" అన్నా. నాకూ అంత ఆశగా ఉంది మరి.

మధ్యాహ్నం శీనయ్య బస్సు దిగి వచ్చినాడు. సరస్సు నుంచి నేరుగా వచ్చినట్టుంది, లుంగీ అంచు ఇంకా తడిగానే ఉంది. తల్లి ఎదురుపోయి చెప్పింది. నేనూ గర్వంగానే చెప్పినా, రెండు రోజుల్లో నూట డెబ్భై ఐదు అని.

ఆయన సంతోషపడలా. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. "నెల పైన కష్టపడితే రాని బరువు రెండు రోజుల్లో వచ్చిందా సిస్టర్?"

"పాలు పెంచినాం కదయ్యా."

"రొయ్యల్ని నీళ్ళల్లో నానబెడితే తూకం పెరుగుద్ది సిస్టర్. కండ పెరగదు" అన్నాడు.

"ఏందయ్యా, బిడ్డను రొయ్యలతో పోలుస్తావా?" అని మీదికి లేచినా.

పాపం, రెండు చేతులూ జోడించినాడు. "తప్పుగా అంటే క్షమించండి సిస్టర్. మాకు తెలిసిన తూకం అదొకటే. నిన్న కావేరి ఫోన్ చేసి ఒకటే ఏడుపు, తాడు పట్టేసింది, సిస్టరమ్మ చూడలేదు అని. అందుకే వల కూడా తియ్యకుండా వచ్చేసినా."

గాడి, ఎనభై, తొంభై ఐదు, బుగ్గలు. అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చినాయి. పరుగెత్తినా. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో పరుగెత్తినా. బిడ్డ కాలి ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కి తీసినా. గుంట పడింది. పడిన గుంట పడినట్టే ఉండిపోయింది. నేను ముద్దు చేసిన బుగ్గలు బుగ్గలు కాదు, వాపు. కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి. ఊపిరులు లెక్క పెడితే నిన్నటి కంటే చాలా ఎక్కువ. ఆ చిన్న గుండె మోయలేక వదిలేసిన నీళ్ళు ఒంట్లో చేరినాయి. దాన్ని నేను బరువని తలుపు దగ్గర చాటింపు వేసినా. నా మాట నమ్మి ఆ ముసలామె సంచి భుజానేసుకుని ఉంటే, పులికాట్ పోయే దారిలోనే బిడ్డ పోయుండేవాడు.

నాకు భయం పట్టుకునింది. కానీ చేతులు పని చేసినాయి. చేతులకు భయం తెలియనంతగా పని నేర్చుకోండి, అమ్మాయిలూ. అదొక్కటీ మిమ్మల్ని కాపాడుద్ది.

తగ్గాల, తగ్గాల

పాలు ఆపినారు. నీళ్ళు దిగే ఇంజెక్షన్ ఇచ్చినారు, ఆక్సిజన్ పెట్టినారు. పెద్ద డాక్టరు గారు ఫోన్లో విని సగం పెళ్ళిలో బయలుదేరినారు. ఇక మేం చూడాల్సింది ఒక్కటే, బిడ్డ మూత్రం పోస్తాడా లేదా. గుడ్డ మార్చినప్పుడల్లా తక్కెడలో పెట్టేది. పొడిగా ఉంటే మళ్ళీ కట్టి గడియారం చూసేదాన్ని. కావేరి గోడకు ఆనుకుని నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలా.

చీకటి పడే వేళకు ఒక గుడ్డ బరువుగా తగిలింది నా చేతికి. తడిసింది! ఆ తడి గుడ్డను ముఖానికి అద్దుకున్నానంటే మీరు నవ్వుతారు. నవ్వండి.

మర్నాడు ఆరుకు తలుపు దగ్గర నిలబడి, "కావేరీ, అరవై తగ్గింది" అని చెప్పినా. ముసలామె బావురుమనింది. నిన్నటిదాకా పెరిగితే బతుకుతాడని చెప్పిన నోరే ఈ రోజు తగ్గితే బతుకుతాడని చెప్తా ఉంటే, ఏది నమ్మాల ఆమె? కింద కూర్చుని ఆమెకు చెప్పినా, వాపు దిగితే అసలు బిడ్డ మిగులుతాడు పెద్దమ్మా అని. రెండు రోజులు ఎటూ తేల్లేదు. మూడో రోజు కనురెప్పలు దిగినాయి, బిడ్డ కళ్ళు తెరిచి చూసినాడు.

ఆ రోజు తల్లుల గదికి పోయి, అందరి ముందరా కావేరికి తప్పైందని చెప్పినా. సర్వీసు మొత్తంలో నేను అట్టా చెప్పింది అదొక్కసారే. అది గొప్ప కాదు, సిగ్గు. అంతకు ముందు చెప్పాల్సిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఆమె అనింది, "అరిచినారని కాదు సిస్టరమ్మా. చూడమంటే చూళ్ళేదే, అదీ."

పెద్ద డాక్టరు గారు నన్ను ఒక్క మాట కూడా తిట్టలా. జరిగిందంతా విని, షీటు ముందుకూ వెనక్కూ తిప్పి, "ఆ తాడు ఏదీ?" అని అడిగినారు. చెత్తబుట్టలో వేసినానని చెప్పినా. "దాన్ని ఈ షీటుకు పిన్ను కొట్టి ఉండాల్సింది కాంతమ్మా" అన్నారు. తిట్టుంటే బాగుండేది.

ఆ తర్వాత

మీరు ఇప్పుడు వార్డులో గుండె బిడ్డలందరికీ చీలమండకు, పుండ్లకు కట్టే తెల్లటి గాజుగుడ్డతో చేసిన పట్టీ చూస్తారు. శుభ్రం చేసింది, రోజూ మార్చేది, వేలు దూరేంత వదులుగా కట్టేది. అది ఏ పుస్తకంలోనూ లేదు. కావేరి తాడు అది. పొద్దున తూకానికి ముందు తల్లి వేలు పెట్టి చూడాల. "నిన్నటికీ ఈ రోజుకీ ఏం తేడా ఉందమ్మా?" అని మీరు అడగాల. ఆమె చెప్పింది రాసినాకే తక్కెడ. తొందరలో ఈ అడగడం ఎగరగొట్టే సిస్టర్లు ఇద్దరున్నారు, వాళ్ళెవరో వాళ్ళకే తెలుసు. ఇది చదివినాక మళ్ళీ ఎగరగొడితే రిటైరైనా సరే వచ్చి తిడతా.

కావేరి బిడ్డ ఇంకో నెల పైన మా దగ్గరే ఉన్నాడు. అసలు బరువు, పది పదిగా, ఇరవై ఇరవైగా. చెన్నై అంకె వచ్చిన రోజున నేను కేక పెట్టలా. బిడ్డ కాలు నొక్కి చూసి, పట్టీలో వేలు పెట్టి చూసి, అప్పుడు చెప్పినా.

అంబులెన్సు ఎక్కేముందు కావేరి చిన్న పొట్లం నా చేతిలో పెట్టింది. విప్పితే కొత్త నల్లతాడు. "వేడి నీళ్ళల్లో మరిగించి ఆరబెట్టినా సిస్టరమ్మా. మీ చేత్తోనే కట్టండి."

"నేను తెంచేదాన్నే గానీ కట్టేదాన్ని కాదమ్మా. అక్కడ వాళ్ళు తెంచేస్తారు కూడా."

"తెంచనీండి. అక్కడిదాకా ఉంటే చాలు."

వార్డు గుమ్మం దాటి బయట నిలబడినా, రూలు లోపల ఉంది గదా అని. కట్టినా. వేలు పెట్టి చూసుకున్నా. కావేరి కూడా పెట్టి చూసింది, నా మీద నమ్మకం లేక. మంచి పని చేసింది.

ఆపరేషన్ అయిందని శీనయ్య ఫోన్ చేసినాడు. బిడ్డ మిషన్ మీద ఉన్నాడన్నాడు. తర్వాత నాలుగు రోజులు ఫోన్ లేదు. ఆ నాలుగు రోజులూ ఎవరి ఫోన్ మోగినా నేనే ఉలిక్కిపడినా. ఐదో రోజు మిషన్ తీసేసినారని చెప్పినాడు. ఆనక ఇంటికి పోయినారు. సరస్సు ఒడ్డున వాళ్ళ పనుల్లో వాళ్ళు, వార్డులో నా పనిలో నేను.

ఏడు నెలలు దాటినాక ఒక మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చున్నా. ఫోన్ మోగింది. కావేరి.

"తాడు పట్టేసింది సిస్టరమ్మా" అనింది.

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఆయాసం ఉందా? పాలు తాగుతున్నాడా? మూత్రం పోసినాడా పొద్దుటి నుంచి? నువ్వు వెంటనే బయలుదేరు, నేను డాక్టరు గారికి చెప్తా, శీనయ్య ఏడీ..."

అవతల నవ్వు. ఆ మనిషి నవ్వు నేను అంతవరకూ వినలేదు. "నొక్కి చూసినా సిస్టరమ్మా, గుంట పడలా. కొవ్వు! తొడలు చూడాల మీరు, మడతలు పడినాయి. చెన్నైలో కూడా బతిమాలి తెంచనీలా. ఇప్పుడు ఇంట్లో అందరూ తెంచుదాం అంటా ఉండారు, నేనే ఒప్పుకోలా. కట్టిన చెయ్యే తెంచాల అన్నా. పేరు కూడా ఇంకా పెట్టలా, మీరొస్తేనే."

నేను ఏం మాట్లాడినానో గుర్తు లేదు. అన్నం మాత్రం తినలేకపోయినా, ఏడుపు ఆగలా.

ఆ ఆదివారం పొద్దున్నే తడ బస్సెక్కినా, సంచిలో కత్తెర పెట్టుకోని.